అటక మీది ఆటలు

అంగడిలో ఎద్దును బేరమాడే రైతు ముందుగా దాని నోరు తెరిచి పళ్లు చూస్తాడు. పళ్లను బట్టి వయసు చెబుతాడు. నేను కూడా పళ్లు చూసే కొంటాను. కాకపోతే నేను కొనేది ఎద్దును కాదు, పాత వీడియో గేమ్ క్యాసెట్‌ను. అరచేతిలో పట్టే ఆ ప్లాస్టిక్ డబ్బా అడుగున రాగి రేకుల పళ్లు వరుసగా ఉంటాయి. ఈ పక్క ముప్పై, ఆ పక్క ముప్పై, మొత్తం అరవై. అవి మెరుస్తుంటే క్యాసెట్‌లో ప్రాణం ఉన్నట్టు. నల్లబడితే కొంచెం వైద్యం కావాలి. పచ్చగా చిలుము పట్టి రాలిపోతే ఇక ఆశ వదులుకోవలసిందే.

హనుమకొండలో మా ఇంటి చివరి గదిలో ఇటువంటి క్యాసెట్లు 41 ఉన్నాయి. వాటిని ఆడించే టీవీ గేము పెట్టెలు మూడు, జాతరల్లో అమ్మిన ఇటుకల ఆటలు ఆరు, ప్లాస్టిక్ తుపాకి ఒకటి, వీటన్నిటికీ పెద్ద దిక్కుగా 14 అంగుళాల బ్లాక్ అండ్ వైట్ టీవీ ఒకటి. పండుగకు ఇల్లు దులిపిన ప్రతిసారీ మా అమ్మ ఆ గది గుమ్మంలో నిలబడి ఒకే మాట అంటుంది. "నలభై ఏండ్లు దాటినయి. ఇంకా ఈ ఆటబొమ్మలేంది బిడ్డా? బియ్యం బస్తాలు పెట్టుకుందామంటే జాగ లేదు."

అమ్మ మాటలో న్యాయం లేకపోలేదు. అయినా ఆ గది ఖాళీ చేయకపోవడానికి నాకొక కారణం ఉంది. ఆ ముచ్చట చెప్పడానికే ఇది రాస్తున్నాను. మీ ఇంటి అటక మీద కూడా ఇటువంటి పెట్టె ఒకటి ఉండి ఉండవచ్చు.

పత్తి పైసలతో వచ్చిన పెట్టె

మాది వర్ధన్నపేట పక్కన ఒక పల్లె. 1995లో పత్తి బాగా పండింది. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మి మా బాపు రాత్రి బస్సుకు దిగాడు. చేతిలో అమ్మకు చీర, ఇంటికి బెల్లం, చెల్లెకు గాజులు ఉన్నాయి. చంకలో ఒక అట్టపెట్టె ఉంది. అందులో టీవీ గేము. బీడీ కట్టకు కూడా లెక్క చూసుకునే మనిషి దాన్ని ఎందుకు కొన్నాడో ఆ రోజు ఎవరికీ అర్థం కాలేదు. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.

పెట్టె వెనుక నుంచి వచ్చే తీగను టీవీ యాంటెనా రంధ్రంలో గుచ్చాలి. తరువాత టీవీ మీది చక్రాన్ని మెల్లగా తిప్పుతూ పోతే, గర గర చప్పుడు మధ్య ఎక్కడో ఒకచోట బొమ్మ నిలుస్తుంది. ఆ చోటు దొరికిందాకా వాకిట్లో పిల్లలంతా ఊపిరి బిగబట్టేవాళ్లం. వాడకట్టులో టీవీ ఉన్నవే నాలుగు ఇళ్లు. టీవీ గేము ఉన్నది మా ఇల్లొక్కటే. ఆదివారం వచ్చిందంటే మా అరుగు నిండా చెప్పులే.

బాపుకు నచ్చింది ట్యాంకుల ఆట. జపాన్‌లో నామ్‌కో కంపెనీ 1985లో విడుదల చేసిన ఆ ఆట అసలు పేరు బ్యాటిల్ సిటీ. మనూళ్లలో ఆ పేరు తెలిసినవారు తక్కువ. అడుగున ఇటుక గోడల నడుమ గద్ద బొమ్మ ఉంటుంది. పైనుంచి శత్రు ట్యాంకులు వస్తుంటాయి. ఒక్కో మెట్టులో ఇరవై. వాటిని కొడుతూ గద్దను కాపాడాలి. ఇందులో ఒక మెలిక ఉంది. శత్రువు గుండు తగిలినా గద్ద పోతుంది, తొందరపాటున మన గుండు తగిలినా పోతుంది. "పొలం గట్టు కాపలా కూడా గిట్లనే ఉంటది. పందిని కొట్టబోయి మన చేనే తొక్కొద్దు" అని బాపు నవ్వేవాడు.

ఆ రోజుల్లో కరెంటు సంగతి మీకు తెలియనిది కాదు. ఎప్పుడు వచ్చేదో, ఎప్పుడు పోయేదో దేవుడికెరుక. ఈ క్యాసెట్లలో చాలావాటికి జ్ఞాపకం లేదు. కరెంటు పోతే ఆడినదంతా పోతుంది. మళ్లీ వచ్చినప్పుడు ట్యాంకుల ఆట మీద అత్యధిక స్కోరు అని 20,000 అంకె కనిపిస్తుంది. అది ఎవరూ ఆడి తెచ్చింది కాదు, కంపెనీవారు పెట్టి పంపిన అంకె. మనం పాతికవేలు తెచ్చినా ఒక్క క్షణం కరెంటు పోతే మళ్లీ అదే 20,000.

ఒక రాత్రి బాపు 24,600 దాకా వెళ్లాడు. అందరం చూస్తుండగానే కరెంటు పోయింది. చీకట్లో ఎవరూ మాట్లాడలేదు. అమ్మ ఎక్క దీపం తెచ్చింది. బాపు ఆ దీపం వెలుతురులో క్యాసెట్ తీసి, దాని వెనుక నీలి పెన్నుతో 24,600 అని రాశాడు. "దానికి యాది లేకుంటే ఏమాయె, మనకు లేదా?" అన్నాడు.

బాపు 2009లో పోయాడు. ఆ క్యాసెట్ ఉంది. అంకె కొంచెం వెలిసింది కానీ చదవవస్తుంది. నా సేకరణలో మొదటి వస్తువు అదే.

అసలు ఎక్కడిది, మనకు వచ్చింది ఏది

టీవీ తెర మీద ఆట ఆడటమనేది అమెరికాలో మొదలైంది. ఇంట్లో టీవీకి తగిలించుకునే మొదటి ఆట పెట్టె, మాగ్నవాక్స్ ఆడిసీ, 1972లో బజారుకు వచ్చింది. దాని వెనుక ఉన్న ఇంజనీరు రాల్ఫ్ బేర్. అదే ఏడు అటారీ కంపెనీ పాంగ్ అనే బంతాట తెచ్చింది. తెర మీద రెండు గీతలు, ఒక చుక్క, అంతే ఆట.

మనవాళ్లు చేతబట్టిన పెట్టెకు మూలం మాత్రం జపాన్. నింటెండో కంపెనీ 1983 జూలై 15న అక్కడ ఫ్యామికామ్ అనే పెట్టెను విడుదల చేసింది. దాన్ని రూపొందించిన బృందానికి మసయుకి ఉయెమురా నాయకుడు. అది, అమెరికాలో వేరే రూపంలో అమ్మినది కలిపి, ప్రపంచం మొత్తం మీద ఆరు కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. మన ఊళ్లకు చేరినవాటిలో అసలు పెట్టెలు బహు తక్కువ. వచ్చినవి చాలావరకు దానికి నకళ్లు. ఆసియా ఫ్యాక్టరీల్లో చవకగా తయారై, రకరకాల పేర్లతో అమ్ముడుపోయాయి. అరవై పళ్ల క్యాసెట్ అసలు దానిదే, నకలు పెట్టె కూడా దాన్నే మింగుతుంది.

క్యాసెట్ మీద "9999 ఆటలు" అని రాసి ఉండేది. పెట్టి చూస్తే తేలేవి పదో ఇరవయ్యో. మిగిలినవన్నీ అవే ఆటలు, రెండో మెట్టు నుంచో మూడో మెట్టు నుంచో మొదలయ్యేవి. ఒక్క గొర్రెను పదిసార్లు తడిక దాటించి పది గొర్రెలని లెక్క చెప్పినట్టు. అయినా చిన్నప్పుడు ఆ అంకె చూసి మురిసిపోయాం. ఒక వేసవి సెలవుల్లో నేనూ నా దోస్తూ కలిసి పలక మీద గీతలు పెట్టుకుంటూ మూడు వందల దాకా లెక్కపెట్టి వదిలేశాం.

ఆ ఆటల్లో పనితనం మాత్రం తక్కువది కాదు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ ఆట మొత్తం 40 కిలోబైట్లు. ఈనాడు మీ ఫోనులో తీసే ఒక్క ఫొటో చోటులో అటువంటి ఆటలు డెబ్బై, ఎనభై పడతాయి. అంత ఇరుకులో సర్దడానికి వారు ఎన్నో ఉపాయాలు చేశారు. ఆకాశంలో తెల్ల మబ్బు, నేల మీద పచ్చ పొద, రెండూ ఒకే బొమ్మ. రంగు ఒక్కటే వేరు. చిన్న గుడ్డ ముక్కతో రవికె, మిగిలిన పేలికతో సంచి కుట్టే దర్జీ పనితనం అది.

జాతరలో కొన్న మాస్కో ఆట

టీవీ లేని ఇళ్లకు మరో ఆట చేరింది. ఐనవోలు మల్లన్న జాతరలో, మేడారం జాతరలో బొమ్మల దుకాణాల ముందు తాడుకు వేలాడుతూ కనిపించే ఇటుకల ఆట. పెన్సిల్ సెల్లులు వేస్తే పనిచేస్తుంది. పైనుంచి రకరకాల ఆకారాల ఇటుకలు పడుతుంటాయి. సందు లేకుండా పేర్చితే వరుస మాయమవుతుంది. సందు మిగిలితే గోడ పెరిగి ఆట ముగుస్తుంది.

దీనికి మూలమైన ఆట టెట్రిస్. 1984లో మాస్కోలో, సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేసే అలెక్సీ పజిత్నోవ్ దాన్ని తయారు చేశాడు. మాస్కోలో పుట్టిన ఆట మల్లన్న పట్నాల దగ్గర పిల్లల చేతిలో ఆడటం విశేషమే గదా. నోకియా ఫోనులో పాము ఆట సంగతి సరేసరి. 1997లో ఫిన్లాండ్ ఇంజనీరు తనేలి అర్మాంటో ఆ ఫోను కోసం దాన్ని రాశాడు. ఆ పామును ఆడించని ఇల్లు మన జిల్లాలో అరుదు.

నా దగ్గరున్న ఆరు ఇటుకల ఆటల్లో నాలుగు చచ్చిపోయి వచ్చాయి. కారణం ఒక్కటే. సెల్లులు తీయకుండా అటక మీద పడేయడం. సెల్లు కారితే లోపలి స్ప్రింగు, దాని వెనుక తీగ, ఆ వెనుక రాగి దారులు అన్నీ తినేస్తుంది. రెండింటికి తీగలు మార్చి ప్రాణం పోశాను. మిగిలిన రెండు విడి భాగాలకు పనికొచ్చాయి.

ఊదవద్దు బాబూ

ఆట రాకపోతే మనమంతా చేసిన పని ఒకటుంది. క్యాసెట్ తీసి, నోటికి దగ్గరగా పెట్టి, ఫూ అని ఊది మళ్లీ గుచ్చడం. ఇది ఎవరు నేర్పారో తెలియదు. వరంగల్ పిల్లాడూ ఊదాడు, అమెరికా పిల్లాడూ ఊదాడు. అప్పుడప్పుడు ఆట వచ్చేది కూడా. కానీ వచ్చింది ఊదినందుకు కాదు. తీసి మళ్లీ గుచ్చినప్పుడు పళ్లు కొత్తగా ఆనినందుకు. ఊపిరిలోని తడి నిజానికి ఆ పళ్లను తుప్పు పట్టిస్తుంది. ఊదవద్దని నింటెండో కంపెనీయే చెప్పింది.

సరైన పద్ధతి తేలిక. ఎలక్ట్రానిక్ దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూది పుల్లకు అద్ది పళ్లు మెల్లగా తుడవాలి. దూది నల్లగా వస్తుంది. తెల్లగా వచ్చిందాకా తుడవాలి. పూర్తిగా ఆరాకే పెట్టెలో గుచ్చాలి. నీళ్లు, కిరోసిన్, కొబ్బరినూనె పనికిరావు. కొబ్బరినూనె రాసిన క్యాసెట్ కూడా నాకొకటి దొరికింది. పాపం, ఎవరో ప్రేమతోనే రాసి ఉంటారు.

అన్ని క్యాసెట్లూ బతకవు. చవక క్యాసెట్ విప్పితే లోపల కాళ్లున్న చిప్పు ఉండదు. పలక మీద నల్లటి తారు చుక్క ఒకటి గడ్డకట్టి ఉంటుంది. చిప్పు ఆ చుక్క కింద ఉంటుంది. అది చెడితే విప్పడానికి లేదు, మార్చడానికి లేదు. అటువంటివి నా దగ్గర తొమ్మిది పోయాయి. వాటిని పారేయలేదు. వేరే డబ్బాలో పెట్టి తారీఖు రాసుకున్నాను.

తుపాకికి డబ్బా టీవీయే ఎందుకు?

ఇంటికి వచ్చినవారు అడిగే ప్రశ్న ఇది. "గోడకు పెద్ద టీవీ ఉన్నది గదా, ఇంకా ఈ డబ్బా ఎందుకు?" దానికి సమాధానం నా ప్లాస్టిక్ తుపాకిలో ఉంది.

బాతుల వేట ఆట గుర్తుందా? 1984లో నింటెండో తెచ్చిన డక్ హంట్. గడ్డిలోంచి బాతు ఎగురుతుంది, తుపాకి గురిపెట్టి కొట్టాలి. గురి తప్పితే కుక్క లేచి ఇకిలిస్తుంది. ఆ కుక్కను కాల్చాలని చూడని పిల్లవాడు లేడు. ఆ తుపాకిలోంచి ఏదీ బయటికి రాదు. అసలు సంగతి తిరగబడి ఉంటుంది. తుపాకి గొట్టంలో వెలుతురును పసిగట్టే కన్ను ఒకటి ఉంది. గుర్రం నొక్కగానే టీవీ తెర కన్నుమూసి తెరిచేంతలో నల్లబడుతుంది. వెంటనే బాతు ఉన్నచోట మాత్రం తెల్ల గడి వెలుగుతుంది. తుపాకి కన్నుకు ముందు చీకటి, ఆ వెంటనే వెలుతురు కనిపిస్తే గురి తగిలినట్టు లెక్క. చీకటి ముందు ఉండాలన్న నియమం ఎందుకంటే, ఎవరైనా తెలివిగా తుపాకిని కరెంటు బల్బు వైపు తిప్పి మోసం చేయకుండా.

ఇదంతా జరగాలంటే తెర ఆ క్షణంలోనే వెలగాలి. పిక్చర్ ట్యూబు టీవీలో కిరణం పైనుంచి కిందికి గీత తరువాత గీత గీస్తూ, మన దేశపు టీవీల్లో సెకనుకు యాభైసార్లు తెరను చుట్టి వస్తుంది. పెట్టె పంపిన బొమ్మ వెంటనే వెలుగుతుంది. కొత్త పలక టీవీ వచ్చిన బొమ్మను ముందు లోపల సర్దుకుని, కొంచెం ఆలస్యంగా చూపిస్తుంది. మన కంటికి ఆ ఆలస్యం తెలియదు. తుపాకి కన్నుకు తెలుస్తుంది. అందుకే ఎంత ఖరీదైన పలక టీవీ ముందైనా ఆ తుపాకి గుడ్డిది.

కనుక డబ్బా టీవీ పోతే తుపాకి పోయినట్టే. తుపాకి పోతే ఆట పోయినట్టే. ఒక వస్తువు మరో వస్తువును పట్టుకుని బతుకుతోంది. ఈ వస్తువులన్నిటినీ పట్టుకుని ఉన్నది మరొకటి ఉందని నాకు 2023 వానకాలంలో తెలిసింది.

తెర మీద ఒక్క గీత

ఆ రోజు టీవీ పెట్టగానే బొమ్మ లేదు. తెర నడుమ అడ్డంగా, తెల్లగా మెరుస్తున్న ఒక్క గీత. మిగిలినదంతా చీకటి. రెండు మూడు చోట్లకు తీసుకువెళ్లాను. ఒక దుకాణంలో కుర్రవాడు దాన్ని చూసి, "అన్నా, ఇది మ్యూజియంల పెట్టుకో" అన్నాడు. మరో చోట, పాత సామాను కింద వంద రూపాయలిస్తామన్నారు.

చివరికి మండిబజార్‌లో ఒక చాచా ఉన్నాడని తెలిసింది. డెబ్బై దాటిన మనిషి. దుకాణం మూసి నాలుగేళ్లయింది. ఇంటి ముందు గదిలో మేకుకు టంకం వేసే కడ్డీ ఇంకా వేలాడుతోంది. టీవీ పెట్టి చూపగానే ఆయన మొదట అన్నమాట: "ముందు వెలుతురు తగ్గించు బేటా. లేకుంటే ఆ గీత ట్యూబు మీద అచ్చు పడ్తది. మల్ల పోదు."

వెనుక మూత విప్పారు. పిక్చర్ ట్యూబులో కరెంటు తీసేశాక కూడా ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. చాచా దాన్ని ముందు జాగ్రత్తగా నేలకు దింపారు. పది నిమిషాలు చూసి, బొమ్మను పైకీ కిందికీ సాగదీసే చిప్పు కాలిపోయిందని తేల్చారు. అటువంటిది బజారులో కొత్తది దొరకదు. మంచం కింది నుంచి రేకు డబ్బా లాగారు. చచ్చిపోయిన టీవీల నుంచి పీకి దాచిన భాగాలు అందులో ఉన్నాయి. సరిపోయేది ఒక్కటే దొరికింది.

టంకం కడ్డీ వేడెక్కింది. చాచా దాన్ని చేతిలోకి తీసుకుని, ఒకసారి చూసి, నాకు ఇచ్చారు. "నా చెయ్యి వణుకుతున్నది. ఇది ఒక్కటే ఉన్నది. పాడైతే మల్ల లేదు. నువ్వు పెట్టు, నేను చెప్త."

నేను క్యాసెట్లకు తీగలు అతికాను తప్ప ఇంత సన్నటి పని చేయలేదు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, ఏ కాలు ముందు, ఎంతసేపు, ఎప్పుడు తీయాలో చెబుతూ పోయారు. గంట పట్టింది. టీవీ పెట్టాం. గీత మెల్లగా విచ్చుకుని తెర నిండింది. చాచా పైసలు తీసుకోలేదు. "దీన్ల ఆట ఉన్నదంటివి గదా, చూపియ్యి" అన్నారు. తుపాకి ఆయన చేతికిచ్చాను. చెయ్యి వణుకుతూనే ఉంది. అయినా నాలుగో బాతు పడింది.

తరువాత ఏడాది పాటు ఆదివారాలు ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన చెప్పింది నోటుబుక్కులో రాసుకున్నాను. ఏ గుర్తుకు ఏ రోగం, ఏ భాగానికి ఏది బదులు. మా అమ్మ చిత్రంగా ఆ నోటుబుక్కును మాత్రం ఏమీ అనదు.

పూడ్చినవి తవ్వారు

వస్తువులు కూడబెట్టడమే సేకరణ అనుకున్నాను ఇన్నాళ్లూ. విప్పి బాగుచేసే చెయ్యి లేకపోతే అది వట్టి కుప్ప అని చాచా దగ్గర తెలుసుకున్నాను.

ప్రపంచంలో ఈ పాత ఆటలకు ధరలు పలుకుతున్నాయి. 2021 జూలైలో అమెరికాలో సీలు విప్పని ఒక మారియో క్యాసెట్ వేలంలో 15 లక్షల 60 వేల డాలర్లకు పోయింది. అప్పటి లెక్కన పదకొండు కోట్ల రూపాయలకు పైమాట. మన అటకల మీది నకళ్లకు అటువంటి ధర వస్తుందని ఎవరూ ఆశపడవద్దు. ఎవరైనా చెప్పినా నమ్మవద్దు. నేను కొన్నవాటిలో ఎక్కువ పెట్టింది రూ. 600.

ధర వేరు, విలువ వేరు. 1983లో అటారీ కంపెనీ అమ్ముడుపోని క్యాసెట్లను లారీలకెత్తి న్యూమెక్సికోలో అలమొగోర్డో ఊరి చెత్తకుంటలో పూడ్చేసింది. 2014 ఏప్రిల్‌లో వాటిని తవ్వి తీశారు. అందులో ఒకటి అమెరికా జాతీయ మ్యూజియమైన స్మిత్‌సోనియన్‌కు చేరింది. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే సంస్థ 2023లో ఒక పరిశీలన వెలువరించింది. అమెరికాలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో నూటికి 87 ఈనాడు బజారులో కొనడానికి దొరకడం లేదని అందులో తేలింది. అసలు కంపెనీల ఆటల గతే ఇది. పేరు లేని నకళ్ల సంగతి చెప్పేదేముంది?

మన రచ్చబండ మీద బొగ్గుతో గీసే పులీమేకా ఆటకు ఈ బాధ లేదు. బండ ఉంటే చాలు, గులకరాళ్లు ఉంటే చాలు. హంపిలో పాత కట్టడాల రాతి నేల మీద చెక్కిన ఆట గళ్లు ఈనాటికీ ఉన్నాయి. కూర్చుని ఆడవచ్చు. మా బాపు ఆడిన ఆటకు ముప్పై ఏళ్లే. అప్పుడే దానికి టీవీ కావాలి, చిప్పు కావాలి, చాచా కావాలి.

పాఠకులకు మనవి

పాత సామాను బండి వాకిట్లోకి వచ్చినప్పుడు అటక మీది పెట్టెను వెంటనే దించి ఇవ్వకండి. పిక్చర్ ట్యూబు గాజులో సీసం ఉంటుంది. పగలగొట్టవద్దు. తీగలు కాల్చి రాగి తీయడం ఇంకా చెడ్డది. ఆ పొగ పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇటుకల ఆటలో, రిమోటులో సెల్లులు ఉంటే ఈ రోజే తీసేయండి. టీవీ గేము పెట్టెకు వేరే అడాప్టరు గుచ్చేముందు వోల్టేజీ ఒక్కటే కాదు, ప్లస్ మైనస్ కూడా చూసుకోండి. తారుమారైతే పెట్టె కాలిపోతుంది. టీవీ వెనుక మూత మాత్రం తెలియనివారు విప్పవద్దు. తీగ పీకేసి ఉన్నా సరే, ప్రాణం మీదికి వస్తుంది.

మీ ఊళ్లో ఒకప్పుడు రేడియోలు, టీవీలు బాగుచేసిన పెద్దమనిషి ఉంటే ఒకసారి పలకరించండి. చదువుకునే పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లండి. ఆయన మంచం కింద కూడా ఒక రేకు డబ్బా ఉండి ఉంటుంది. దాంట్లో ఏది ఏమిటో చెప్పగలిగినవాడు ఆయన ఒక్కడే.

చాచా ఇప్పుడు బయటికి ఎక్కువ రారు. మొన్న సంక్రాంతికి మా బిడ్డ, పదకొండేళ్లది, డబ్బా టీవీ ముందు కూర్చుని ట్యాంకుల ఆట ఆడింది. తాత ఆడిన క్యాసెట్టే. మూడో మెట్టులో తొందరపడి తన గద్దను తానే కొట్టుకుంది. స్కోరు 3,800. క్యాసెట్ తీసి వెనుకకు తిప్పి, "తాత కింద నాది రాయనా?" అంది.

పెన్ను ఇచ్చాను.